తెర మీది జబ్బులు, మన ఊరి జబ్బులు



గద్వాలను ఎన్నడూ చూడని తెలుగు ప్రేక్షకులకు కూడా 2009 తరువాత గద్వాల కోట పరిచయమయింది. కోడి రామకృష్ణ గారి ‘అరుంధతి’ చిత్రంలో జేజమ్మ ఏలిన సంస్థానం గద్వాలే. అయితే తెర మీద మీరు చూసిన ఆ భవనం గద్వాలలో లేదు. అది బనగానపల్లె నవాబులది. అసలు గద్వాల కోటలో చెన్నకేశవాలయం ఉన్నది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ గారి పేరిట డిగ్రీ కళాశాల ఉన్నది. పశుపతి మాత్రం లేడు. సినిమా చూసి గద్వాలకు వచ్చినవారికి అసలు కోటే అపరిచితంగా తోస్తుంది. నకిలీది అసలుదయింది, అసలుది నకిలీదయింది.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన నాకు తోచినదేమంటే, కోట విషయంలో జరిగినదే జబ్బుల విషయంలోనూ జరిగింది. క్షయ అంటే ఏమిటి, గుండెపోటు ఎలా వస్తుంది, పాము కరిస్తే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ప్రజలకు మొదట సమాధానం చెప్పినది వైద్యుడు కాదు, టూరింగ్ టాకీసు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కంటే ముందే డేరా టాకీసులు పల్లెలకు చేరాయి. వాటికి జనం టికెట్టు కొని వెళ్ళారు. మా దగ్గరకు ఉచితమన్నా రాలేదు.

సినిమాలను నిందించడం నా ఉద్దేశం కాదు. సినిమా పిచ్చి నాకూ తక్కువేమీ కాదు. తెలుగు తెర మీద జబ్బుల చరిత్రను ఒకసారి తిరగేద్దాం. నవ్వు వచ్చినచోట నవ్వుకుందాం. ప్రాణం మీదికి వచ్చినచోట మాత్రం కాస్త ఆగుదాం.

దేవదాసు దగ్గు

శరత్‌చంద్ర చటర్జీ నవల ‘దేవదాసు’ 1917లో వెలువడింది. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు గారు, సావిత్రి గారు నటించిన తెలుగు చిత్రం 1953లో వచ్చింది. దేవదాసును బలిగొన్నది ప్రధానంగా మద్యం. ప్రేక్షకుని మనసులో నిలిచినవి మాత్రం శాలువా, గడ్డం, పక్కన కుక్క, గొంతులో దగ్గు. ఆ తరువాత చాలా ఏళ్ళ పాటు మన సినిమాలలో ఒక క్రమం స్థిరపడింది. పాత్ర మొదటిసారి దగ్గితే అనుమానం, రెండవసారి దగ్గితే చేతిరుమాలు మీద రక్తపు మరక, మూడవసారి దగ్గితే విషాద గీతం, నాలుగవసారి పాడె.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం గమనించండి. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్‌ను 1943లోనే కనుగొన్నారు. ఐసోనియాజిడ్ అనే చవకైన మాత్ర క్షయ మీద గొప్పగా పనిచేస్తుందని 1952లో తేలింది. అంటే తెలుగు దేవదాసు దగ్గడం మొదలుపెట్టేనాటికే మందు సిద్ధంగా ఉన్నది!

అంతకంటే పెద్ద విడ్డూరం మద్రాసులోనే జరిగింది. ఆనాడు మన సినిమాలన్నీ మద్రాసు స్టూడియోలలోనే తయారయ్యేవి. ఒకవైపు అక్కడి స్టూడియోలలో కథానాయకులు రక్తం కక్కి మరణిస్తూ ఉండగా, అదే నగరంలోని చెట్‌పట్‌లో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒకటి మొదలయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి దానిని నెలకొల్పాయి. అంతవరకు క్షయ వస్తే శానిటోరియంలో చేర్చి మంచి గాలి, గుడ్లు, పాలు, విశ్రాంతి ఇవ్వాలన్నది లోకం నమ్మకం. మన పెద్దలకు అనంతగిరి గుట్టల పేరు వినగానే క్షయ ఆసుపత్రి గుర్తుకు వచ్చేది అందుకే. ఆ పరిశోధకులు రోగులను రెండు వర్గాలు చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇరుకు ఇళ్ళలోనే అవే మందులు ఇచ్చారు. ఇంట్లో మందు మింగినవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ ఫలితం దాదాపు సమానమే అని 1959లో లోకానికి ప్రకటించారు. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబసభ్యులకు అదనపు ముప్పు కూడా కనబడలేదు. ప్రపంచమంతటా క్షయ వైద్యం దిశ మార్చుకున్నది ఆ ఫలితంతోనే. సినిమా వారికి మాత్రం ఆ కబురు చేరలేదు.

దాని ఫలితం ఎవరు అనుభవించారు? మన పాలమూరు కూలీలు. ఊరు విడిచి ఆనకట్టల కింద, సొరంగాలలో, రాతి క్వారీలలో దుమ్ము పీల్చి పనిచేసిన మనిషికి దగ్గు పట్టుకుంటే, ‘అది ఆ దగ్గేనేమో’ అన్న భయంతో దాచిపెట్టేవాడు. పేరు బయటపడితే పిల్లకు పెళ్ళి కాదన్న దిగులు. మందు మొదలుపెట్టినా రెండు నెలలలో దగ్గు తగ్గగానే మేస్త్రీ పిలిచాడని మళ్ళీ వలస. మందు సగంలో ఆగితే సూక్ష్మజీవి మొండిదవుతుంది. క్షయ మందులేని జబ్బని సినిమా నేర్పింది. మందు ఉండి కూడా మధ్యలో మానేసినందువల్ల పోయిన ప్రాణాలను మేము ఆసుపత్రిలో చూశాం.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. పరీక్ష ఉచితం, మందు ఉచితం. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స చాలు. చికిత్సాకాలంలో పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి దానిని 1000 చేసింది. వలస వెళ్ళవలసివస్తే ఆ సంగతి ఆసుపత్రిలో చెప్పండి. వెళ్ళినచోట మందు అందే ఏర్పాటు చేస్తారు.

వెండితెర వైద్యుడు

1964లో ఆదుర్తి సుబ్బారావు గారి ‘డాక్టర్ చక్రవర్తి’ వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి గారి నవల ‘చక్రభ్రమణం’ దానికి మూలం. ఆ ఏడాదే ప్రారంభమైన నంది బహుమతులలో ఉత్తమ చిత్రంగా తొలి బహుమతి దానికే దక్కింది. పదకొండేళ్ళ క్రితం దగ్గుతూ మరణించిన నాగేశ్వరరావు గారే ఇప్పుడు స్టెతస్కోపు పట్టుకున్నారు.

సినిమా డాక్టరు మీద నాకు వృత్తిపరమైన అసూయ ఉన్నది. ఆయనకు ఓపీ లేదు, రిజిస్టర్లు లేవు, మందుల ఇండెంటు లేదు. నల్లసంచి పట్టుకుని ధనికుల మేడకు వస్తాడు. స్టెతస్కోపును చొక్కా పైనుంచే, అదీ ఒక్కచోటే, రెండు క్షణాలు ఆనిస్తాడు. గుండె, ఊపిరితిత్తులు, మనోవేదన, అన్నీ అందులోనే వినబడతాయి. కళ్ళజోడు తీసి, తుడిచి, ‘ఇరవైనాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను’ అంటాడు. మా ఆసుపత్రులలో ఆ మాట అనివుంటే రోగి బంధువులు ఇరవైనాలుగు నిమిషాలలో ఎద్దులబండి కట్టించి కర్నూలుకు బయలుదేరేవారు.

కథానాయిక వాంతి చేసుకుంటే ఆయన నాడి పట్టుకుని చిరునవ్వు నవ్వుతాడు. నాడి చూసి గర్భాన్ని నిర్ధారించే విద్య వైద్య కళాశాలలో మాకెవరూ నేర్పలేదు. వాంతికి కామెర్లు, అల్సర్, ఇంకా అనేక కారణాలు ఉంటాయి. సినిమాలో మాత్రం పెళ్ళైన స్త్రీ వాంతికి ఒకటే కారణం. పెళ్ళికాని స్త్రీ వాంతికీ అదే కారణం, నేపథ్య సంగీతం ఒక్కటే తేడా.

‘తల్లినా, బిడ్డనా, ఒక్కరినే బతికించగలం’ అన్న సంభాషణ మరింత ప్రమాదకరమైనది. ఆపరేషన్ గది ముందు ఎర్రదీపం కింద నిలబడి భర్త ఒకరిని ఎంచుకోవాలట. నిజానికి ప్రసవ శస్త్రచికిత్స ఉన్నదే ఇద్దరినీ కాపాడడానికి. ‘ఆపరేషన్ అంటే ఒకరు పోవడమే’ అని భయపడి, నొప్పులు పడుతున్న పిల్లను ఇంట్లోనే ఉంచుకుని, రక్తస్రావం ఆగక చివరి గంటలో తెచ్చిన కుటుంబాలను చూశాను. ఆ గంటే తల్లిని పోగొడుతుంది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ మొదలయ్యాక ఆ పరిస్థితి చాలా మారింది.

గుమ్మడి గారి గుండె

గుమ్మడి వెంకటేశ్వరరావు గారు ఎన్ని చిత్రాలలో ఎడమచేతి వైపు ఛాతీ పట్టుకుని సోఫాలో ఒరిగిపోయారో లెక్కపెట్టడం కష్టం. కూతురు ప్రేమించినా, కొడుకు ఎదిరించినా, మిల్లు తగలబడినా, ఉత్తరం వచ్చినా ఆయనకు గుండెపోటే. ఆయన మాత్రం 82 ఏళ్ళు నిండుగా జీవించి 2010లో కన్నుమూశారు.

ఈ అభినయం మనకు రెండు తప్పుడు పాఠాలు నేర్పింది. ఒకటి, గుండెపోటు చెడువార్త వల్ల వస్తుందని. అసలు కారణాలు పొగాకు, రక్తపోటు, మధుమేహం, కొవ్వు; అవి చెడువార్త కోసం ఎదురుచూడవు. రెండు, నొప్పి ఎడమవైపు సూదిలా గుచ్చుతుందని. చాలామందికి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు ఉంటుంది, దవడకు, చేతికి, వీపుకు పాకుతుంది, చెమటలు పడతాయి. కొందరికి, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి, స్త్రీలకు, కేవలం కడుపులో మంటలా తోస్తుంది. ‘గ్యాసు’ అని సోడా తాగి పడుకున్నవారు తెల్లవారేసరికి లేవకపోవడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు.

తెర వెనుక కథ మరొకటి ఉన్నది. నాగేశ్వరరావు గారికి 1974లో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స జరిగింది. తెర మీద ఎన్నోసార్లు మరణించిన ఆయన నిజజీవితంలో ఆ ఆపరేషన్ తరువాత సుమారు నలభై ఏళ్ళు బతికారు, నటించారు. ఆ నలభై ఏళ్ళను ఏ దర్శకుడూ సినిమాగా తీయలేదు. తగిన సమయంలో వైద్యం చేయించుకుని బాగుపడిన మనిషి కథలో విషాద గీతానికి చోటుండదు కదా!

రక్తదానం, ముగ్గురు కొడుకులు

1977లో వచ్చిన హిందీ చిత్రం ‘అమర్ అక్బర్ ఆంథొనీ’ని మన తెలుగులో 1980లో ‘రామ్ రాబర్ట్ రహీమ్’గా తీశారు. హిందీ చిత్రం మొదట్లోనే ఒక దృశ్యం ఉన్నది. మూడు మంచాల మీద ముగ్గురు కొడుకులు పడుకుని ఉంటారు. వారి చేతుల నుండి గొట్టాల ద్వారా రక్తం పైకి పాకి ఒకే సీసాలో చేరి, అక్కడినుండి తల్లి ఒంట్లోకి దిగుతుంది. భూమ్యాకర్షణ సూత్రం కూడా మాతృప్రేమ ముందు తలవంచింది!

రక్తంలో వర్గాలున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో తేల్చి చెప్పారు. దాత రక్తాన్ని తీసి, వ్యాధులు లేవని పరీక్షించి, రోగి రక్తంతో సరిచూసిన తరువాతనే ఎక్కిస్తారు. కన్నకొడుకు రక్తమైనా వర్గం కలవకపోతే విషమే. సినిమా ప్రభావం వల్ల మా దగ్గర మరొక భయం ఉండేది: ఒకసారి రక్తమిస్తే మనిషి జీవితాంతం నీరసించిపోతాడని. భార్యకు రక్తం కావాలంటే భర్త కనబడకుండా పోవడం, చివరికి ఆసుపత్రి సిబ్బందే ఇవ్వడం మాకు మామూలే.

ఈ విషయంలో సినిమాకు నేను మనసారా నమస్కరించవలసిన సందర్భం కూడా ఉన్నది. చిరంజీవి గారు 1998లో రక్తనిధిని, నేత్రనిధిని స్థాపించారు. కటౌట్లకు పాలాభిషేకం చేసే కుర్రవాళ్ళు సూది గుచ్చుకుని రక్తం ఇవ్వడం మొదలుపెట్టారు. మేము గోడల మీద రాసిన నినాదాలు చేయలేని పనిని ఒక నటుని మాట చేసింది. తెరకు ఉన్న బలం మంచికి వాడితే ఎంత పని చేస్తుందో ఇదే నిదర్శనం.

క్యాన్సర్ యుగం

క్షయకు మందు ఉన్నదన్న సంగతి ప్రేక్షకులకు తెలిసిపోయాక రచయితలకు చిక్కు వచ్చింది. నాయకుడిని అందంగా చంపడానికి కొత్త జబ్బు కావాలి. 1981లో దాసరి నారాయణరావు గారి ‘ప్రేమాభిషేకం’తో క్యాన్సర్ సింహాసనం ఎక్కింది. నాయకుడు మళ్ళీ నాగేశ్వరరావు గారే. తనకు క్యాన్సర్ అని తెలిసి, ప్రేమించిన అమ్మాయి బాగుండాలని ఆమె తనను అసహ్యించుకునేలా నటిస్తాడు. 1989లో మణిరత్నం గారి ‘గీతాంజలి’లో నాయకునికి క్యాన్సర్, నాయికకు గుండె జబ్బు, వారి కుమారుడు నాగార్జున గారు కుటుంబ సంప్రదాయాన్ని నిలబెట్టారు. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో తల్లికి రక్తక్యాన్సర్; తాను పోయేలోగా పిల్లలను ఒక్కొక్కరినే దత్తతకు అప్పగిస్తుంది. ఆ సినిమా ఆడిన హాళ్ళలో నేల టికెట్టు నుండి బాల్కనీ వరకు ఏడవనివారు లేరు. వైద్యుడినైన నేనూ అందుకు మినహాయింపు కాదు.

అయినా ఒక సందేహం. సినిమాలో తరచుగా రక్తక్యాన్సరే ఎందుకు వస్తుంది? ఎందుకంటే అది ముఖాన్ని పాడుచేయదు. అలంకరణ చెదరదు, పాట పాడవచ్చు, ఊటీ వెళ్ళవచ్చు. మన దేశంలో పురుషులలో ఎక్కువగా కనిపించేవి నోటి క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్. స్త్రీలలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. గుట్కా నమిలి దవడ తెరుచుకోలేని నాయకుడిని, తెల్లబట్ట వాసన వస్తున్నదని సిగ్గుతో ఏడాది పాటు ఎవరికీ చెప్పుకోలేని నాయికను మీరెప్పుడైనా తెర మీద చూశారా? మా ఓపీలో చూశాం.

సినిమా క్యాన్సర్ మరొక చెడ్డ అలవాటు నేర్పింది, దాచడం. నాయకుడు త్యాగం పేరుతో దాస్తాడు. డాక్టరు రోగికి తెలియనివ్వకుండా దాస్తాడు. కుటుంబం ఊరికి తెలియకుండా దాస్తుంది. క్యాన్సర్ విషయంలో దాచడమంటే జబ్బుకు గడువు ఇవ్వడమే. పిల్లలలో వచ్చే లుకేమియాకు మందుతో కొంతకాలం ఉపశమనం కలుగుతుందని సిడ్నీ ఫార్బర్ అమెరికాలో 1948లోనే చూపించారు. ఈనాడు మంచి కేంద్రాలలో ఎక్కువమంది పిల్లలు పూర్తిగా బాగుపడుతున్నారు. రాజధానిలో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి ఉన్నది. నందమూరి తారక రామారావు గారి సతీమణి బసవతారకం గారు క్యాన్సర్‌తో మరణించగా, ఆమె పేరిట వెలసిన ఆసుపత్రి 2000లో తెరుచుకున్నది.

ఇక నాగేశ్వరరావు గారి విషయం చూడండి. 2013 అక్టోబరులో ఆయనకు నిజంగానే క్యాన్సర్ అని తెలిసింది. ఆయన ‘ప్రేమాభిషేకం’ నాయకునిలా దాచలేదు. పాత్రికేయులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. ‘మనం’ చిత్రంలో తన పాత్రను పూర్తి చేసి, 2014 జనవరి 22న, 90వ ఏట సెలవు తీసుకున్నారు. డెబ్బై ఏళ్ళకు పైగా సాగిన నటనలో ఆయన జబ్బు గురించి చెప్పిన మాటలన్నిటికంటే ఆ పత్రికా సమావేశమే నా దృష్టిలో గొప్పది. అందులో సంగీతం లేదు, నిజం ఉన్నది.

పాము, భూతం, మతిమరుపు

‘నాగులచవితి’ (1956) నుండి ‘దేవి’ (1999) వరకు మన పాములకు కథలో పెద్ద పాత్రలే దక్కాయి. ‘అరుంధతి’ తీసిన రామకృష్ణ గారే ‘దేవి’ కూడా తీశారు. తెర మీద పాము కరిస్తే నాయకుడు తలపాగా చింపి గట్టిగా కట్టు కడతాడు, కత్తితో గాటు పెడతాడు, నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడు. నాయిక కళ్ళు తెరుస్తుంది, ప్రేమ మొదలవుతుంది.

నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్, కొల్లాపూర్ పల్లెలలో ఈ దృశ్యాన్ని అనుకరించినవారి కాళ్ళు చూశాను. గట్టి కట్టు వల్ల రక్తప్రసరణ ఆగి నల్లబడిన కాలు ఒకవైపు, గాటు నుండి ఆగని రక్తం మరొకవైపు. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అటువంటి చోట గాటు పెట్టడం అంటే పాము చేయగా మిగిలిన పనిని మనం పూర్తి చేయడమే. నోటితో పీల్చితే విషం రాదు.

సినిమాలలో ఎప్పుడూ నాగుపామే కనబడుతుంది, కాలి మీద రెండు చక్కటి గాట్లు ఉంటాయి. మన ఇళ్ళలో నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కరిచేది తరచుగా కట్లపాము. నొప్పి ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే అనుమానించాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. కాలు విరిగినప్పుడు కదలకుండా ఉంచినట్లే ఉంచి, నడిపించకుండా వెంటనే తీసుకురండి. మంత్రగాడి గుమ్మం దగ్గర గడిపిన గంటను ఏ మందూ తిరిగి తేలేదు.

మనసు జబ్బులది మరొక ప్రహసనం. 2005 ఒక్క ఏడాదిలోనే తమిళం నుండి మూడు చిత్రాలు మనకు వచ్చాయి. ‘చంద్రముఖి’లో గృహిణి తనను తాను నర్తకిననుకుంటుంది, ‘అపరిచితుడు’లో ఒక మనిషిలో ముగ్గురుంటారు, ‘గజిని’లో నాయకునికి పదిహేను నిమిషాలకు మించి ఏదీ జ్ఞాపకం ఉండదు. మూడూ బాగా ఆడాయి, నేనూ మూడూ చూశాను. చిక్కేమంటే, మనసు జబ్బు అంటే గజ్జెలు కట్టి ఆడాలి, కళ్ళు ఉరిమి చూడాలి అని జనం అనుకున్నారు. వంట మానేసి, మాట తగ్గించి, రాత్రిళ్ళు నిద్రపట్టక గోడవైపు చూస్తూ కూర్చున్న ఇల్లాలికి కుంగుబాటు అని ఎవరికీ తోచలేదు. ఆమె ఆడలేదు, పాడలేదు. కనుక ఆమెకు జబ్బు లేదు! అటువంటివారు ఇంట్లో ఉంటే భూతవైద్యుని కంటే ముందు 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఆ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

శవానికి వైద్యం

2003లో వి.వి. వినాయక్ గారి ‘ఠాగూర్’ వచ్చింది. అప్పటికే మరణించిన మనిషిని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ వైద్యం చేస్తున్నట్లు నటించి డబ్బు గుంజే దృశ్యం అందులో ఉన్నది. హాలు ఈలలతో మారుమోగింది. ఆ కోపం ఊరకే పుట్టినది కాదు. వైద్యం వ్యాపారమైనచోట జనం కడుపు మంట అది. అమ్ముకున్న పొలం విలువ ఆ ఈలలలో ఉన్నది.

కానీ ఆ దృశ్యం మరొక అనుమానానికి కూడా బలమిచ్చింది. మెదడు పూర్తిగా మరణించినా యంత్రం సాయంతో కొంతసేపు గుండె కొట్టుకుంటుంది. అవయవదానం సాధ్యమయ్యేది ఆ కొద్ది వ్యవధిలోనే. దీనికి 1994లోనే చట్టం వచ్చింది. మన దగ్గర జీవన్‌దాన్ పథకం 2013లో మొదలయింది. ఆ సమయంలో కుటుంబానికి ‘ఠాగూర్’ గుర్తుకు వస్తే సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. అనుమానం ఉంటే అడగండి, రెండవ వైద్యుని అభిప్రాయం కోరండి. అది మీ హక్కు. సినిమా దృశ్యాన్ని మాత్రం వైద్య నివేదికగా తీసుకోకండి.

మరుసటి ఏడాది, 2004లో, ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ వచ్చింది. అందులోని వైద్యశాస్త్రం అంతా తప్పే. వైద్యధర్మం మాత్రం సరైనదే. రోగి పేరు అడగాలి, చెయ్యి పట్టుకోవాలి, వినాలి. కొత్తగా వచ్చే వైద్య విద్యార్థులందరికీ ఆ చిత్రాన్ని చూపించాలంటాను నేను. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మా కాలంలో ఉస్మానియాకో, గాంధీకో, కర్నూలుకో వెళ్ళవలసిన చదువు ఇప్పుడు కోట గోడల నీడకు వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్‌లో తొలుత మూడు జిల్లాలలో ప్రారంభించగా, అందులో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. ‘ఠాగూర్’ అడిగిన ప్రశ్నకు పూర్తి సమాధానం ఇంకా దొరకలేదు గాని, వెదకడం మన జిల్లా నుండే మొదలయింది.

డాక్టర్ బాబు పరీక్ష

1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ నేర్పడం దాని ఉద్దేశం. నలభై ఏళ్ళ తరువాత టెలివిజన్ ఏమి నేర్పుతున్నదో చూద్దాం.

2017 నుండి 2023 వరకు సాగిన ‘కార్తీక దీపం’ ధారావాహిక తెలుగిళ్ళలో భోజన వేళలను మార్చింది. అందులో నాయకుడు గుండె వైద్యుడు, అందరూ ప్రేమగా పిలిచే ‘డాక్టర్ బాబు’. తనకు పిల్లలు పుట్టరని నమ్మి, గర్భవతి అయిన భార్యను అనుమానించి దూరం పెడతాడు. ఆ అనుమానం ఏళ్ళ తరబడి సాగింది. తెలుగు ప్రేక్షక లోకమంతా ఏకకంఠంతో ఒకటే ప్రశ్న వేసింది: వైద్యుడివి కదా, డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోరాదా నాయనా? మన ప్రేక్షకుల వైద్య పరిజ్ఞానం వైద్యుని పాత్రను మించిపోయినందుకు నేను ఎంతో సంతోషించాను.

నవ్వుకున్నాం సరే. వీర్యపరీక్ష ఒక్కసారి చేసి తేల్చేది కాదు. తేడా ఉంటే కొన్ని వారాల తరువాత మళ్ళీ చేయాలి. మన పల్లెలలో పిల్లలు లేకపోతే పరీక్షలన్నీ స్త్రీకే, మాటలన్నీ స్త్రీకే, చివరకు సవతి కూడా ఆమెకే. సంతానలేమి జంటలలో చాలామందికి కారణం పురుషునిలోనూ ఉంటుంది. అన్నిటికంటే చవకైనది, నొప్పి లేనిది పురుషుని పరీక్షే. దానినే అందరికంటే చివర చేయిస్తారు. డాక్టర్ బాబు కథను అంత శ్రద్ధగా చూసిన ఇళ్ళు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే ఆ ఆరేళ్ళు వృథా కాలేదనుకుంటాను.

సినిమాకు ఎక్కని జబ్బులు

చివరగా ఒక మాట. నా తరం వైద్యులకు నారికురుపు తెలుసు. దిగుడుబావి నీరు తాగినవారి కాలి నుండి మూరెడు పొడవు పురుగు మెల్లగా బయటికి వచ్చేది; దానిని పుల్లకు చుట్టుతూ రోజుల తరబడి లాగేవారు. అది ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా లేదు, మందు లేదు. నీళ్ళు గుడ్డతో వడపోసుకోవడం, మెట్ల బావులను మూసి చేతిపంపులు వేయడం, ఇల్లిల్లూ తిరిగి చెప్పడం, ఇంతే. 1996లో దేశంలో చివరి రోగిని నమోదు చేశారు. 2000లో భారతదేశం నుండి ఆ వ్యాధి తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వేల ఏళ్ళ శత్రువును ఓడించిన ఆ యుద్ధం మీద ఒక్క సినిమా కూడా రాలేదు. ఏ నాయకుడూ నారికురుపుతో పాట పాడలేదు. గుడ్డతో నీళ్ళు వడపోసిన ఆ ఇల్లాళ్ళకు కటౌట్లు కట్టలేదు.

జరగకుండా ఆగిపోయిన మరణానికి పతాక సన్నివేశం ఉండదు. అందుకే రక్తహీనత, రక్తపోటు, మధుమేహం, బాల్యవివాహపు కాన్పులు, ఇవేవీ తెరకెక్కవు. మన ఊరి ప్రాణాలు తీసేవి మాత్రం ఇవే. తెర ఏ జబ్బును చూపితే దానికి భయపడడం, చూపనిదానిని జబ్బే కాదనుకోవడం మనం మానుకోవాలి.

సినిమాలు చూడండి, ఏడవండి, ఈలలు వేయండి. ఇంటికి వచ్చాక ముప్పై దాటినవారు ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, మానని పుండు, తెల్లమచ్చ ఉన్నదేమో చూసుకోండి. ఇంట్లో ఆడపిల్లకు రక్తం ఎంత ఉన్నదో అడిగి తెలుసుకోండి. ఇందులో సంగీతం లేదు, ఎర్రదీపం లేదు, కళ్ళజోడు తీసి తుడిచే డాక్టరూ లేడు. మీ దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఒక నర్సమ్మ ఉంటుంది. ఆమె చెప్పిన మాట వినండి.

ఆరోగ్యమస్తు.